సిమెంటు పట్టని వైపు

చెయ్యనంటే చెయ్యనండీ అయ్యగారూ. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. మీకు ఆ రాయి మీద గాట్లే కావాలంటే ఊళ్ళో ఇంకెవరూ లేరా? బస్టాండు వెనకాల టైల్స్ వేసే అతను ఉన్నాడు, పిలవండి. మిషన్ పెట్టి అరగంటలో గర్రుమనిపించి, చేతులు దులుపుకుని వెళ్ళిపోతాడు.

ముందు కూర్చోండి. అయ్యయ్యో, అక్కడ కాదు, అది ఎవరిదో సమాధి రాయి, వాళ్ళింకా వచ్చి తీసుకెళ్ళలేదు. ఈ స్టూలు మీద కూర్చోండి. దుమ్ముంటుంది మరి, ఇది రాళ్ళ షెడ్డు. తెల్లచొక్కా వేసుకుని రావడం మీ తప్పు.

ఇందాక గుమ్మంలో ఒక మాట అన్నారు. మోసం చేశావు అన్నారు. ఆ మాట గుచ్చుకుందండీ. మీ కొత్త చర్చికి మూలరాయి ఇచ్చింది నేనే, కాదనను. నాలుగేళ్ళ కిందట నా చేతులతో నేనే కూర్చోబెట్టాను, అదీ కాదనను. ఇప్పుడు మీ గదిలో, మీ కుర్చీ వెనకాల ప్లాస్టరింగ్ పెళ్ళలు రాలిపడి, ఆ రాయి వెనకవైపు అక్షరాలు బయటపడ్డాయి. సరే. అంతమాత్రాన పాడుబడ్డ సమాధి రాయి తిప్పి మీకు అంటగట్టానంటారా? పాడుబడ్డది కాదండీ అది. ఒక్కరోజు కూడా వాడని రాయి.

అలా చూడకండి, చెప్తాను. చెప్పకుండా ఎక్కడికి పోతాను, శుక్రవారం బిషప్ గారు వస్తున్నారాయె, ఈలోగా ఆ అక్షరాలు కప్పించాలని మీ తొందర.

ముందు నాకొకటి చెప్పండి. ఆడవాళ్ళు నిజంగానే అక్కడ కొవ్వొత్తులు పెడుతున్నారా? కోశాధికారి గారు దానికి అద్దం బిగించి పక్కన చందా పెట్టె పెడదామన్నారట కదా! రాజుగారి విందులో గోడ మీద చెయ్యి ప్రత్యక్షమై రాసినట్టు, ఇది కూడా దేవుడి చేతిరాతే అన్నారట. ఓరి నాయనో. దేవుడికి అంత ఓపిక ఎక్కడిదండీ? ఒక్కసారి తన వేలితో పలకల మీద రాశాడు. పట్టుకొచ్చిన పెద్దమనిషి కొండ దిగీ దిగకముందే కోపమొచ్చి బండకేసి కొట్టాడు. రెండోసారి ఏమన్నాడు? ఈసారి పలకలు నువ్వే చెక్కుకుని మోసుకురా, అన్నాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు దేవుడి మీద కాస్త గౌరవం పెరుగుతుంది. మా దగ్గరా అంతే, పగలగొట్టుకున్నవాడే కొత్త రాయి తెచ్చుకోవాలి.

ఏముంది అక్కడ? పేరున్న పై పెళ్ళ ఇంకా రాలలేదు, కింది రెండు లైన్లు చదివారుగా. "యాభై ఏళ్ళు రాళ్ళు కొట్టాడు. ఒక్కటీ ఎవరి మీదా విసరలేదు." పోయిన ఆదివారం ప్రసంగంలో కూడా వాడేశారట. వీధిలోకి ఈడ్చుకొచ్చిన ఆ ఆడమనిషి చుట్టూ రాళ్ళు పట్టుకుని నిలబడ్డవాళ్ళ కథ చెప్పి, చివర్లో ఈ రెండు లైన్లు తగిలించారట. మా ఆవిడ ఇంటికొచ్చి చెప్పింది. బాగా చెప్పారంది. ఏడ్చానంది. మీ ప్రసంగానికి కాదులెండి, ఏమీ అనుకోకండి. ఆ లైన్లు రాసిందెవరో ఆవిడకి తెలుసు.

మా అన్నయ్య.

సొంత అన్నయ్యేనండీ, నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. మీరు చూడలేదు, మీరిక్కడికి రావడానికి ఆర్నెల్ల ముందే పోయాడు. బండోడు అనేవాళ్ళు అందరూ. మనిషి బండగానే ఉండేవాడు, మాటా అంతే. నా చేతికి ఉలి ఇచ్చింది ఆయనే. తప్పు చెక్కితే నెత్తిన మొట్టిందీ ఆయనే. ఇదిగో, ఇక్కడ చెయ్యి పెట్టి చూడండి, ఇంకా బొడిపె ఉంటుంది. సరే, వద్దులెండి.

ఆయనకొక అలవాటు. పని చేస్తూ చేస్తూ గ్రంథంలో రాయి అన్న మాట ఎక్కడొచ్చినా దాన్ని పట్టుకుని విచారణ పెట్టేవాడు. తలకింద రాయి పెట్టుకుని పడుకున్నాయన లేడూ, పరలోకానికి నిచ్చెన కలగన్నాయన? "రాదేమిట్రా నిచ్చెన, మెడ పట్టేసి ఉంటుంది, నాకైతే ఏకంగా లిఫ్టే కనిపించేది" అనేవాడు. ఎడారిలో బండని కర్రతో కొట్టి నీళ్ళు తెప్పించిన పెద్దాయన గురించైతే గంటసేపు. బండలో నీళ్ళుంటాయిరా, ఏ క్వారీవాణ్ణైనా అడుగు, పొర ఎక్కడుందో తెలిస్తే ఒక్క దెబ్బ చాలు, ఈయన కోపంతో రెండు కొట్టాడు, అందుకే పై మేస్త్రికి మండి, ఊరి పొలిమేర దాకా తీసుకొచ్చి పనిలోంచి తీసేశాడు, అనేవాడు. నవ్వకండి అయ్యగారూ, మీరు నవ్వకూడదు. సరే, నవ్వండి, ఇక్కడెవరూ లేరు.

ఒక్కచోట మాత్రం ఆయనకి నిజంగా కష్టమేసింది. బలిపీఠం కడితే చెక్కని రాళ్ళతో కట్టాలి, ఉలి తగిలిందా రాయి మైలపడుతుంది, అని ఉంది కదా? ఆ వాక్యం విన్నరోజు అన్నం సరిగ్గా తినలేదు. "మన చెయ్యి తగిలితే మైలా? వాళ్ళ సమాధులకి మనం కావాలి, వాళ్ళ పునాదులకి మనం కావాలి, పీఠానికి మాత్రం పనికిరామా?" ఇదే గోల, వారం రోజులు.

అప్పుడు మా దగ్గరికొక ముసలాయన వచ్చేవాడు. గడియారాలు బాగుచేసే యూదుల పెద్దాయన. భార్య సమాధి మీద అక్షరాలు అరిగిపోతే మళ్ళీ తీర్చమని వచ్చాడు మొదటిసారి. మా అన్నయ్య ఆయన్ని పట్టుకుని అడిగేశాడు, మీ గ్రంథమేగా, మీరే చెప్పండి, ఉలి మీద మీకెందుకండీ అంత పగ, అని. ఆయన కళ్ళజోడు తుడుచుకుని నిదానంగా చెప్పాడు. ఇనుము మనిషి ఆయుష్షు తగ్గించేది, పీఠం పెంచేది, తగ్గించేది పెంచేదాన్ని తాకకూడదని మా పెద్దలు చెప్పారు నాయనా, నీ మీద ఏ కోపమూ లేదు, అన్నాడు. మా అన్నయ్య కాసేపు దగ్గాడు. అప్పటికే ఆ దగ్గు మొదలైంది. దగ్గి దగ్గి, "తగ్గిస్తుందన్న మాట మాత్రం నిజమేనండీ" అన్నాడు.

తర్వాత వాళ్ళిద్దరికీ బాగా కుదిరింది. ఆయన భార్య సమాధి మీద ఒక గులకరాయి పెట్టి వచ్చేవాడు, వెళ్ళిన ప్రతిసారీ. పువ్వులు వాడిపోతాయి, రాయి ఉంటుంది, ఎవరో వచ్చి వెళ్ళారని చెప్తుంది, అనేవాడు. మా అన్నయ్య షెడ్డులో నేలమీద పడ్డ రాతిముక్కల్లో మంచివి ఏరి, అరగదీసి, ఒక డబ్బాలో పోసి ఆయనకిచ్చాడు. నోరు ఎంత దురుసో, చెయ్యి అంత మెత్తన.

ఆ నోరే కదండీ కొంప ముంచింది. మీకు ముందున్న పాత అయ్యగారు ఒక ఆదివారం పునరుత్థానం గురించి చెప్తున్నారు. సమాధి ద్వారానికి అడ్డం పెట్టిన రాయిని ఇరవైమంది మల్లయోధులు కూడా కదపలేరు, దేవదూత ఒక్క వేలితో దొర్లించాడు, అని చెయ్యెత్తి ఉరుముతున్నారు. వెనక బెంచీలోంచి మా అన్నయ్య లేచాడు. "అయ్యగారూ, అది చక్రంలా ఉండే రాయండీ, కింద గాడి ఉంటుంది, ఆపు రాయి తీస్తే ఇద్దరు మనుషులు దొర్లిస్తారు, దానికోసం దేవదూతని పిలవక్కర్లేదు" అన్నాడు. వెక్కిరించాలని కాదండీ. రాయి గురించి తప్పు చెప్తే ఆయన ఊరుకోలేడు, అంతే. కానీ చర్చి చర్చంతా గొల్లున నవ్వింది. పిల్లలు బెంచీలు కొట్టారు. పాత అయ్యగారి మొహం జేవురించింది.

క్షమాపణ చెప్పమన్నారు. చెప్పనన్నాడు. "దేవుడి గురించి తప్పు మాట్లాడితే చెప్తాను, రాయి గురించి నేను ఒప్పే చెప్పాను." అంతే, పదకొండేళ్ళు మళ్ళీ గడప తొక్కలేదు. ఆదివారం పూట ఇక్కడే కూర్చుని పని చేసేవాడు. కిటికీలు తీసి ఉంటే ప్రసంగంలోకి ఆ సుత్తి చప్పుడు వినిపించేది. నేను లోపల బెంచీ మీద కూర్చుని, అది ఏ ఉలి, ఏ రాయి, ఎంత లోతు పోయింది, అన్నీ లెక్కగట్టేవాణ్ణి. ప్రసంగం ఒక్క ముక్క ఎక్కేది కాదు.

చివరికి ఊపిరితిత్తుల నిండా దుమ్మే అన్నాడు డాక్టరు. మా వాళ్ళకి అదే వస్తుంది. మా నాన్నకీ అదే. పని మానెయ్యమన్నారు. మానేస్తానని చెప్పి, ఇక్కడ మూల కూర్చుని తన రాయి తనే చెక్కుకోవడం మొదలుపెట్టాడు. నల్లరాయి, అడుగు మందం, మచ్చ లేనిది, ఎన్నాళ్ళుగానో దాచుకున్నాడు. పేరు, పుట్టిన సంవత్సరం, ఆ రెండు లైన్లు. పోయిన సంవత్సరం చోటు ఖాళీ వదిలాడు. "అదొక్కటీ నీకు వదిలేస్తున్నా, వంకర పోనిచ్చావంటే లేచొచ్చి తంతాను" అన్నాడు. మిషన్ ముట్టుకోలేదు. చేత్తో అరగదీసి, చేత్తోనే పాలిష్ పెట్టాడు. రోజుకి జానెడు. అందులో చూసి గడ్డం గీసుకోవచ్చు, అంత నున్నగా.

పోయాడు. సంవత్సరం నేను చెక్కాను. వంకర పోలేదు.

చర్చి స్థలంలో అమ్మ పక్కన పెడదామనుకున్నాం. కమిటీ ఒప్పుకోలేదు. ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోనివాడికి, పదకొండేళ్ళు గడప తొక్కనివాడికి, అక్కడ చోటు లేదట. రూలు. మున్సిపాలిటీ వాళ్ళ స్థలంలో పెట్టాం, పెద్దరోడ్డు అవతల, లారీల షెడ్డు వెనక. అక్కడ నిలువు రాళ్ళు పెట్టనివ్వరు, గడ్డి కోసే బండికి అడ్డమట. ఒక రేకు ముక్క మీద నంబరు రాసి గుచ్చారు. రాళ్ళు కొట్టినవాడికి రేకు! రాయి మళ్ళీ ఇక్కడికే తెచ్చి, గోనెలు కప్పి, ఆ మూల పెట్టాను. అటు చూడకుండా పని చేసుకునేవాణ్ణి.

అప్పుడొచ్చారండీ మీరు. కొత్తగా, ఉషారుగా, చేతిలో కొత్త చర్చి ప్లాను పట్టుకుని. మూలరాయి కావాలి, నల్లరాయే కావాలి, అడుగు మందం, ఇంత పొడవు, ఇంత ఎత్తు. నేను టేపు తియ్యకుండానే తెలిసిపోయింది. ఇక దాని మీద ఏ వాక్యం చెక్కాలో మీరే చెప్పారు. ఇల్లు కట్టేవాళ్ళు పనికిరాదని పారేసిన రాయే మూలకి ముఖ్యమైన రాయి అయింది, అన్నది. నేను తువ్వాలు నోటికడ్డం పెట్టుకున్నాను, గుర్తుందా? దుమ్ముకి దగ్గొచ్చిందనుకుని మీరు నీళ్ళు తెప్పించారు. నవ్వండీ అది. ఆపుకోలేని నవ్వు.

ఆ రోజే నిర్ణయించుకున్నాను. అమ్మ పక్కన చోటివ్వకపోతే పోయె, చర్చి మొత్తం ఆయన మీదే నిలబడుతుంది. రాయి వెనకవైపు ఖాళీగా ఉంది, అదే మీకు ముందువైపు చేశాను. మీ వాక్యం, తేదీ, బిషప్ గారి పేరు, కమిటీ వాళ్ళ పేర్లు, అన్నీ దాని మీద చెక్కాను.

ఎవరూ రెండోవైపు చూడకుండా ఎలా కూర్చోబెట్టానంటారా? అక్కడే ఉంది మరి. మీకు గుర్తుండే ఉంటుంది, పూర్వం ఆ రాజుగారు గుడి కట్టించినప్పుడు రాళ్ళన్నీ క్వారీలోనే చెక్కి తెచ్చారు, కట్టే చోట సుత్తి చప్పుడు వినపడలేదు, మనమూ అలాగే చేద్దామండీ, అని నేనే అడిగాను. మీ కళ్ళు మెరిశాయి. ఒక పనివాడికి ఎంత వాక్యజ్ఞానం అని అందరి ముందూ మెచ్చుకున్నారు. రాయి ఇక్కణ్ణించి దుప్పట్లు చుట్టుకుని వచ్చింది. దుప్పటి ముందువైపే తీశాను. లోపలివైపు నేనే ఉండి, నేనే ప్లాస్టరింగ్ చేశాను. మీరు బయట ప్రార్థన చేస్తున్నారు, నేను లోపల గోడకి సిమెంటు మెత్తుతున్నాను. మీరు ఆమెన్ అన్నప్పుడు నేను కూడా అన్నాను, గట్టిగానే.

ఇప్పుడు మీరు అడగాల్సింది ఇంకొకటుంది. అడగరేం? నలభై ఏళ్ళ పనివాడివి, నాలుగేళ్ళకే ప్లాస్టరింగ్ ఎలా రాలిందయ్యా, అని. పాలిష్ చేసిన రాయికి సిమెంటు పట్టదండీ. నిన్నగాక మొన్న పనిలో చేరినవాడికి కూడా తెలుసు. ముందు ఉలి పెట్టి ఆ నునుపంతా చెడగొట్టాలి, దగ్గర దగ్గరగా గాట్లు పెట్టాలి, అప్పుడే పట్టు దొరుకుతుంది. నాకు తెలీదా? ఉలి తీశాను. ఆయన పేరులో మొదటి అక్షరం మీద పెట్టాను కూడా. నా మొహం కనపడుతోంది అందులో. కొట్టలేకపోయాను. అలాగే మెత్తేసి, పైన సున్నం వేసి వచ్చేశాను. మొదటి వానాకాలానికే రాలుతుందనుకున్నాను. నాలుగేళ్ళు ఆగింది, అదే ఎక్కువ.

అయ్యో, ఏమిటండీ ఇది. మీరు కళ్ళు తుడుచుకుంటున్నారేమిటి? దుమ్మా? కాదా?

ఆ కమిటీ చాలా అన్యాయం చేసిందంటున్నారా. మనసులేని మనుషులంటున్నారా. నువ్వు మాత్రం తమ్ముడివనిపించుకున్నావు అంటున్నారా.

ఇదిగో, ఇదే వద్దన్నాను. మీరు తిట్టి వెళ్ళిపోతే ఎంత బావుండేది! మోసగాడివి అన్నప్పుడు కూడా ఇంత ఇబ్బంది పడలేదు నేను. తమ్ముడివనిపించుకున్నావు అంటే మాత్రం మింగుడు పడట్లేదు.

మీ బీరువాలో పాత మినిట్స్ పుస్తకం ఉంటుంది, ఎర్ర అట్టది. వెళ్ళాక తీసి చూడండి. అదెందుకులెండి, నేనే చెప్తాను. ఆ కమిటీలో అయిదుగురు. ఇద్దరు ఇవ్వాలన్నారు. పాపం, కోశాధికారి గారే ఇద్దామన్నారు, నమ్ముతారా? ఇద్దరు కూడదన్నారు. అయిదోవాణ్ణి నేను. అప్పటికి నన్ను కమిటీలోకి తీసుకుని మూడు నెలలు. అంతకుముందు ముప్ఫై ఏళ్ళు వెనక బెంచీ, మోకాళ్ళ మీద దుమ్ము. ఇప్పుడు ముందు వరస, మెత్తటి సీటు. పాత అయ్యగారు నావైపు తిరిగి, ఇంటిమనిషివి, నువ్వే చెప్పు, నీ మాట ప్రకారమే చేద్దాం, అన్నారు.

చూశారా, తలుపు తీసి పట్టుకున్నారు నాకోసం. ఊఁ అంటే చాలు.

సొంతవాడి కోసం రూలు మార్చాడంటారేమో, అనిపించిందండీ. పాత అయ్యగారికి మనసులో ఏముందో, అనిపించింది. ఆ మెత్తటి సీటు గుర్తొచ్చింది. పక్కగదిలో మా అన్నయ్య పెట్టెలో ఉన్నాడు, ఇంకా మూత కూడా వెయ్యలేదు. "రూలంటే రూలేనండీ, ఆయన విశ్వాసం సంగతి నాకు తెలీదు" అన్నాను. తెలీదట! పదకొండేళ్ళు ఆ సుత్తి చప్పుడు వింటూ కూర్చున్నవాణ్ణి. కూడదన్నవాళ్ళు చేతులెత్తండి అన్నారు. ఎత్తాను.

పాత అయ్యగారు నా భుజం తట్టి, నువ్వు బండలాంటి విశ్వాసివయ్యా, అన్నారు. ఆ జాలరికీ ప్రభువు అదే బిరుదు ఇచ్చారు కదా, ఆ బండ మీదే సంఘం కడతానన్నారు కదా. ఆ జాలరి కూడా చలిమంట దగ్గర నిలబడి ఆ మనిషెవరో నాకు తెలీదన్నాడు. కానీ ఆయన కోడి కూయగానే బయటికెళ్ళి భోరుమని ఏడ్చాడండీ. నేను ఇంటికెళ్ళి అన్నం తిన్నాను. బాగా ఆకలేసింది, రెండోసారి కూడా వడ్డించుకున్నాను. కమిటీ ఒప్పుకోలేదని మా ఆవిడతో చెప్పాను. ఆవిడ ఈరోజుకీ అదే నమ్ముతోంది, ఆ నలుగురినీ తిట్టుకుంటోంది.

కాబట్టి ఆ రాయిని పారేసిన మేస్త్రీలెవరో మీరు వెతకక్కర్లేదు, ముందువైపున కమిటీ పేర్లలో నాదీ ఉంది. నేనే చెక్కుకున్నాను, మిగతావాటికంటే కాస్త పెద్దగా.

ఇక మీ ఇష్టం. పై పెళ్ళ కూడా ఊడగొట్టి పేరు బయటపెడతారో, బిషప్ గారి కోసం సున్నం వేయిస్తారో, ఆదివారం నన్ను నిలబెట్టి నలుగురిలో కడిగేస్తారో, ఏదైనా సరే. మా ఆవిడకి మాత్రం నేనే చెప్పుకుంటాను, అంతవరకు ఆగండి.

గాట్లు నన్ను పెట్టమనకండి. ఆ పేరు వినపడగానే టపీమని లేచిన చెయ్యండీ ఇది. ఇప్పుడు సుత్తి పట్టుకుంటే భుజం దాకా కూడా రావట్లేదు. చూడండి. కావాలంటే మీరే పట్టుకుని ఎత్తి చూడండి.